అన్నకిచ్చిన మాట

మత్తునకు లోబడిన యువకుని గూర్చి లోకము మాటలాడును. అతని తల్లిదండ్రులను చూచి కొందరైనను జాలిపడుదురు. ఆ యింటనే పక్కగదిలో పుస్తకము తెఱచి కూర్చుండి, అక్షరము కంటికానక, వీధితలుపు చప్పుడునకై చెవి యొగ్గియుండు తమ్మునిగాని చెల్లెలినిగాని పలుకరించువారు అరుదు. ఈ నాలుగు మాటలు ముఖ్యముగా వారికొఱకు.

ఇంటర్మీడియెట్ చదువుచున్న బాలిక యొకతె ప్రవచనానంతరము నన్నిట్లడిగినది: "స్వామీజీ, మా అన్నయ్య గంజాయి త్రాగుచున్నాడు. ఎవ్వరికిని చెప్పనని నాచే ఒట్టు వేయించుకొన్నాడు. చెప్పినచో అన్నయ్యకు ద్రోహము; చెప్పకున్నచో అమ్మకు ద్రోహము. నేనేమి చేయవలెను?" పదునాఱేండ్ల పిల్ల మోయదగిన బరువు కాదిది. దీనికి "దైవమును ప్రార్థింపుము" అని మాత్రము చెప్పి పంపుట న్యాయము కాదు.

మహాభారతమున కర్ణపర్వములో ఇట్టి చిక్కే యొకటి కలదు. కర్ణుని బాణములచే నొచ్చి శిబిరమున నున్న ధర్మరాజు, కర్ణుడింకను బ్రదికియున్నాడని తెలిసికొని, అర్జునుని నిందించి, గాండీవమును వేఱొకరి కిమ్మనెను. అట్లనిన వానిని వధింతునని అర్జునునకు పూర్వమే ప్రతిజ్ఞ యున్నది. అతడు వెంటనే కత్తి దూసెను. ఎవరిమీద? సొంత అన్నమీద! ఇచ్చిన మాట నిలుపుకొనుటయే సత్యమని అతని తలంపు. శ్రీకృష్ణుడడ్డుపడి కౌశికుడను తపస్వి కథను చెప్పెను. దొంగలు తఱుమగా కొందరు అడవిలో దాగిరి. సత్యవ్రతుడైన కౌశికుడు అడిగినంతనే దొంగలకు వారి జాడ చెప్పెను. వారు హతులైరి, తపస్వికి నరకము ప్రాప్తించెను. ప్రాణులను నిలుపునది ధర్మము గాని, ప్రాణహాని కలిగించు మాటపట్టింపు ధర్మము కాదని భగవానుని ఉపదేశము. కౌశికుడు పలికి చెఱచెను. ఈ బాలిక పలుకకున్నచో చెడును. రెంటికిని కొలబద్ద యొక్కటే.

కావున, తల్లీ, ఆ ఒట్టు నిన్ను బంధింపదు. మత్తునకు అలవడిన మనస్సు తన్ను తాను దాచుకొనుటకై దానిని నీచే వేయించినది. విషయచింతన నుండి బుద్ధినాశము వఱకు మనుజుడెట్లు మెట్టు మెట్టుగా దిగజాఱునో గీత రెండవ అధ్యాయము చెప్పుచున్నది. మత్తుపదార్థములు మెదడును మార్చి సంకల్పబలమును సన్నగిల్లజేయునని నేటి వైద్యులును చెప్పుచున్నారు. ఇది చికిత్స కావలసిన రోగము. 2019లో ప్రకటితమైన జాతీయ సర్వే ననుసరించి, గంజాయి, భంగు మొదలగువాని వలన సహాయము అవసరమైనవారు మన దేశమున సుమారు 72 లక్షలు. మీ యిల్లు ఒంటరిది కాదు.

మొదట అన్నతోనే, అతడు మత్తులో లేని వేళ, "దీనిని నేను దాచలేను, నీవు చెప్పెదవా, నేను చెప్పనా?" అని యడుగుట మేలు. కొట్టునను భయమున్నచో అదియు అక్కఱలేదు. నేరుగా తల్లికో, మేనమామకో, నమ్మదగిన ఉపాధ్యాయినికో చెప్పుము. అతడు ఎంత లేపినను లేవక, ఊపిరి మందగించినచో, పెద్దలు వచ్చువఱకు వేచియుండక 108కి ఫోను చేయవలెను. వ్యసనవిముక్తికి సలహానిచ్చు ప్రభుత్వపు సంఖ్య 14446.

పోలీసుల భయముచే అనేక కుటుంబములు నోరు మెదపవు. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టములో 64ఎ అను విభాగము కలదు. కొద్దిపాటి పరిమాణముతో పట్టువడిన వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోగాని, గుర్తింపు గల ఆసుపత్రిలోగాని చేరి చికిత్స పొందినచో శిక్షావిచారణ నుండి అది రక్షణ నిచ్చును. చికిత్సను నడుమ విడిచినచో ఆ రక్షణ తొలగవచ్చును. అమ్మువారికి ఇది వర్తింపదు. ఇంతమాత్రము తెలిసినను పలువురు తల్లిదండ్రులు ముందే ఆసుపత్రి గడప త్రొక్కియుందురు.

ఇక కోపము మాట. అన్నపై అసహ్యము పుట్టుచున్నదని ఆ బాలిక మెల్లగా చెప్పి తల వంచుకొన్నది. ద్యూతసభలో భీముడు, ధర్మరాజు చేతులను కాల్చెదను, నిప్పు తెమ్మని సహదేవునితో పలికెను, అర్జునుడు వారించెను. అంతటి కోపము వచ్చినను భీముడు అన్నను విడువలేదు, వెంట అడవికి నడచెను. కోపము వచ్చినంతమాత్రమున ప్రేమ పోయినదని తలపవలదు. కాని అన్న ఏడ్చి బ్రతిమాలినను డబ్బీయవలదు. అతనికై కళాశాలవారితో అబద్ధమాడవలదు.

అన్నను మాన్పించుట నీ వంతు పని కాదు. చికిత్స పొందినవారిలో అనేకులు మరల జాఱుదురు, మరల లేతురు; నెలలు, ఒక్కొక్కప్పుడు ఏండ్లు పట్టును. అతడు జాఱిన దినమున అది నీ ప్రార్థన లోపముగా గణింపకుము. నీ చదువు నీకు స్వధర్మము. ఇల్లు అల్లకల్లోలమైనప్పుడు పుస్తకము తీసికొని స్నేహితురాలి యింటికి పోవుట స్వార్థమనిపించుకొనదు.

తల్లిదండ్రులకును ఒక మాట. పెద్దవానికై ఆసుపత్రుల చుట్టు తిరుగు నెలలలో చిన్నదాని పరీక్షరుసుము కట్టితిరా, రాత్రి అది భోజనము చేసినదా అని చూచుకొనుడు. అది తానై అడుగదు. ఇంటి కష్టము చూచి అడుగుట ఎన్నడో మానినది.