నాణెముపై పేతురుగారు



నాణెము చూపి ఈ రూపము ఎవరిదని క్రీస్తు ప్రభువు అడిగిన ఘట్టము మనకు తెలిసినదే. జర్మనీలో మయిన్స్, కొలోన్, ట్రియర్ అగ్రపీఠాధిపతులు దేశమును ఏలే పాలకులు కూడా. గుల్డెన్ అనే బంగారు నాణెములు ముద్రించేవారు. కొన్నింటిపై పునీత పేతురుగారి రూపము ఉండేది. 1386లో ఆ బంగారము 23 కారట్లు, 1425 నాటికి 19. పేతురుగారు మాత్రము తరగలేదు!

మాగ్డెబర్గ్ పీఠము చేతిలో ఉండగానే 1514లో ఆల్బ్రెక్ట్ గారు మయిన్స్‌కు కూడా అగ్రపీఠాధిపతి అయ్యారు. అందుకు రోముకు కట్టవలసిన సొమ్ము కొరకు ఫుగ్గర్ అనే షావుకార్ల వద్ద 29,000 గుల్డెన్లు అప్పు తెచ్చారు. పాపశిక్షా విమోచన పత్రములకు విశ్వాసులిచ్చిన కానుకలలో సగము రోములోని పునీత పేతురు దేవాలయ నిర్మాణానికి, సగము ఆ అప్పుకు. ఇచ్చిన పేదలకు మొదటి సగమే తెలుసు. 1517 అక్టోబరు 31న మార్టిన్ లూథర్ ఉత్తరము వ్రాసినది ఈ ఆల్బ్రెక్ట్ గారికే.

పండుగ చందాల లెక్క చూపమని మా విచారణ పెద్ద ఒకరు అడిగితే నాకు కోపము వచ్చిన మాట నిజము. ఇది చదివిన రాత్రి కూర్చుని లెక్క వ్రాశాను. ఆదివారము పూజకు ముందే గుడి తలుపుకు అంటించాను.