పాతబడిన టైరు

చూచుటకు చక్కగా ఉన్న వస్తువును పారవేయుట తప్పా, కాదా? మన పల్లెలలో ఎవరిని అడిగినను, "పనికివచ్చుదానిని పారవేయుటకు మనమేమి జమీందారులమా?" అందురు. నేనును ఆ పక్షమువాడనే. చినిగిన పంచె తుండుగుడ్డయగును, తుండుగుడ్డ మసిగుడ్డయగును. ఇట్లు సంసారము గడిపిన తల్లులే మనలను పెంచిరి. అయినను పొదుపు అను పేరు పెట్టుకొని మరియొకటి మన యింటిలో జొరబడుట కలదు. దానిని గూర్చి వ్రాయుటకు ఒక దూరదేశపు సంగతి తీసికొనుచున్నాను.

అమెరికాలో అనేకులు సెలవు దినములలో చిన్న ఇంటివంటి ట్రైలరును తమ మోటారుబండి వెనుక తగిలించుకొని ఊళ్లు తిరుగుదురు. పడకలు, పొయ్యి, నీళ్ల తొట్టి అన్నియు అందులోనే ఉండును. మన ట్రాక్టరు వెనుక ట్రక్కు ఎట్లో ఇదియు అట్లే. దీనికి సొంత ఇంజను లేదు. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబములు కొన్ని ఇట్టివి కొనుచున్నవి. టెక్సస్ రాష్ట్రములోని అట్టి కుటుంబమొకటి నాకు తెలియును. ఎవరో వాడి అమ్మిన ట్రైలరును వారు చవకగా కొనిరి. ప్రక్కకు రెండేసి చొప్పున నాలుగు చక్రములు, వెనుక ఒక స్టెప్నీ. టైర్ల మీది గాట్లు ఇంకను లోతుగానే ఉండెను. రెండవ వేసవిలో నడిరోడ్డున కుడిప్రక్క టైరొకటి పేలెను. ముందు బండిలోని వారికి ఆ సంగతి వెంటనే తెలియలేదు. ప్రక్కన పోవుచున్నవారెవరో చేయి ఊపి చూపిరి. అప్పటికే ఊడిన రబ్బరుపట్టా కొట్టి కొట్టి ట్రైలరు అడుగును చీల్చివేసెను. ఎవరికిని దెబ్బ తగులలేదు.

స్టెప్నీ బిగించుకొని ఇల్లు చేరిరి. పేలిన ఒక్కటి మార్చిన చాలునా, లేక అన్నిటిని మార్చవలెనా అను మాట అప్పుడు వచ్చెను. మిగిలినవి కంటికి కొత్తవానివలెనే ఉన్నవి గదా!

రబ్బరు సంగతి కొంచెము తెలిసినగాని దీనికి జవాబు చెప్పలేము. పచ్చి రబ్బరు ఎండకు మెత్తబడి జిగటయగును, చలికి పెళుసగును. దానిని గంధకముతో కాచి గట్టిపరచు పద్ధతికి చార్లెస్ గుడియర్ అను అమెరికా దేశీయుడు 1844లో పేటెంటు పొందెను. అట్లు వచ్చిన బలమును గాలిలోని ఆమ్లజనియు, ఓజోనును, ఎండవేడిమియు కాలక్రమమున లోలోపల తినివేయును. టైరు తిరిగినను తినును, నిలిచినను తినును. నిలిచియున్నదానికి మరియొక నష్టము కూడ కలదు. రబ్బరులో కలిపిన మైనము మొదలగు రక్షణ పదార్థములు టైరు తిరుగుచు వంగుచున్నప్పుడే బాగుగా పైకి ఊరివచ్చును. సెలవు ట్రైలరో, సంవత్సరములో అధిక భాగము ఎండలో ఒకచోటనే నిలిచియుండును. తిరుగలేదు గనుక గాట్లు అరుగవు. గాట్లు అరుగలేదు గనుక యజమానుడు నిశ్చింతగా నిద్రించును.

వేడిమి చేయు కీడు చిన్నది కాదు. 2000వ సంవత్సరములో ఫైర్‌స్టోన్ కంపెనీవారు 65 లక్షల టైర్లను వెనుకకు తీసికొన్నప్పుడు, మండుటెండల రాష్ట్రములైన అరిజోనా, కాలిఫోర్నియా, ఫ్లోరిడా, టెక్సస్‌లలోనే ఆ పని మొదట ప్రారంభించిరి.

టైరు వయస్సు దాని ఒంటిమీదనే వ్రాసియుండును. ప్రక్కభాగమున డి.ఓ.టి. అను అక్షరముల వెంట వచ్చు గుర్తులలో చివరి నాలుగంకెలు చూడవలెను. 3517 అని ఉన్నయెడల 2017లో 35వ వారమున తయారైనదని అర్థము. ఆ అంకెలు కొన్ని టైర్లకు ఒక ప్రక్కనే ఉండును. ఆ ప్రక్క లోపలికి తిరిగియున్నచో బండి క్రిందికి దూరి చూడవలసినదే. ట్రైలరు టైర్లను గాట్లు ఎట్లున్నను ఐదారేండ్లకు మార్చుమని ఆ పనివారనేకులు చెప్పుదురు. ఈ కుటుంబపు యజమాని దూరి చూడగా, స్టెప్నీతో సహా అన్నిటికిని తొమ్మిదేండ్లు నిండియుండెను.

మరియొక సంగతి. ఒక ప్రక్కనున్న రెండు టైర్లలో ఒకటి పేలినప్పుడు దాని బరువు చాలవరకు రెండవదానిమీద పడును. ఆ బరువుతో అట్లే పరుగెత్తిన టైరు లోపల దెబ్బతినియుండవచ్చును. పైకి ఒక్క గీటైనను కానరాకపోవచ్చును. ఇంటిలో ఒకరు మంచమెక్కినప్పుడు వారి చాకిరి అంతయు తాము చేయుచు, "నాకేమి, రాయివలె ఉన్నాను" అనువారిని మీరెరుగుదురు గదా. వారినే ముందుగా వైద్యునికి చూపవలెను.

కాబట్టి అన్నియు మార్చవలసినదే అని తేలెను. సొమ్ము కొంత ఎక్కువే. అయినను నేను చెప్పదలచినది ఇంతవరకు రాలేదు.

తీసిన టైర్లను అడుగుటకు ఒక యువకుడు వచ్చెను. పని సామాను మోయు చిన్న ట్రైలరు అతనికి కలదట. టైరుకు ఇరువది డాలర్లిచ్చెదననెను. ఇంటాయనకు సంతోషమాయెను. తనకు నాలుగు డబ్బులు వచ్చును, లేనివానికి సహాయమగును, వస్తువు పాడుకాదు. అంతలో ఆయన భార్య, "ఏమండీ, మన పిల్లల బండి వెనుక కట్టుటకు భయపడినవి ఆ అబ్బాయి బండికి కట్టవచ్చునా?" అని అడిగెను.

నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడుచు ఎద్దును గూర్చిన విధి కలదు. ఎద్దు పొడిచి మనుష్యుని చంపిన దానిని చంపవలెను గాని యజమానుడు నిర్దోషి. అయితే అది ఇంతకుముందే పొడుచునదని అతనికి తెలియజేయబడియు దానిని కట్టివేయకపోయిన, దోషము అతనిమీదికి వచ్చును. రెండు చోట్లను ఎద్దు ఎద్దే. యజమానునికి తెలిసినది, అంతే భేదము. టైరు పేలక మునుపు ఆ ఇంటివారిని ఎవరు తప్పుపట్టగలరు? నాలుగంకెలు చదివిన గడియనుండి వారు ఆ రెండవ యజమానుని స్థానములో ఉన్నారు.

"లోపము దాచక చెప్పి అమ్మిన తప్పేమి?" అని మీరడుగవచ్చును. ఓటికుండను ఓటికుండ అని చెప్పి అమ్ముము, తప్పులేదు; నీళ్లు కారిన కొన్నవాని ఇంటనే కారును. టైరు అట్టిది కాదు. అది పేలినప్పుడు వెనుక సైకిలుమీద వచ్చువానికి ఆ బేరము సంగతి ఎవరు చెప్పిరి? అతడు ఒప్పుకొనని అపాయమును మనమిద్దరము కూడి అమ్ముకొనుట ఎట్లు?

పాతది ఎందుకును కొరగాదని నేననుట లేదు. లారీ విడిచిన టైర్లు ఎద్దుబండికి చేరి మన టైరుబండ్లు అయినవి. ఎద్దు నడకకు అవి చాలును. ఆ రబ్బరుతో చెప్పులు కుట్టినవారును కలరు. అందులో దోషమెంచను. అదే టైరును ట్రాక్టరు ట్రక్కుకు తొడిగి, కోతల తరువాత నెలలకొలది ఎండలో నిలిపి, పెండ్లివారిని నిండుగా ఎక్కించుకొని తారురోడ్డున తోలుట వేరు. ట్రక్కు గలవారు ఈసారి పెండ్లివారిని ఎక్కించుటకు ముందు దాని టైర్ల ప్రక్కను తుడిచి అంకెలున్నవేమో చూడుడి. లేనియెడల కొని ఎన్నేండ్లాయెనో లెక్కించుడి.

టెక్సస్‌లోని ఆ ఇంటివారు పాత టైర్లను అమ్మలేదు. వాటిని తీసికొనిపోవుటకు దుకాణమువానికి ఎదురు సొమ్మిచ్చిరి. ఆ యువకుని మాత్రము వట్టిచేతులతో పంపలేదు. ఇంటాయన టార్చిలైటు పట్టుకొని అతనితోకూడ అతని ట్రైలరు క్రిందికి దూరి అంకెలు చదివెను. అవి ఈయన టైర్లకంటె పాతవి. కొత్తవి కొనుటకు ఈయనయే అప్పిచ్చెను. ఆ అబ్బాయి నెలనెలకు కొంచెము కొంచెముగా తీర్చుచున్నాడట.