పట్టికలో లేని గడి

2023 ఎండాకాలంలో న్యూజెర్సీ నుంచి అన్నయ్య ఒక పట్టిక పంపాడు. ఎడమ పక్క పద్నాలుగు ప్రశ్నలు, పైన మూడు ఖాళీ గడులు. "విజయవాడలోనో హైదరాబాదులోనో మూడు చోట్ల కనుక్కో. ఒక్కో ప్రశ్నకి అయిదుకి ఎన్ని మార్కులొస్తాయో వెయ్యి. ఎక్కడ ఎక్కువొస్తే అక్కడ అమ్మని చేర్పిద్దాం. డబ్బు సంగతి నువ్వు ఆలోచించకు" అన్నాడు ఫోన్లో.

అమ్మకి 78 ఏళ్ళు. గర్భాశయ ముఖద్వార కాన్సర్. ముట్లుడిగి పాతికేళ్ళు దాటాక మళ్ళీ రక్తం కనబడితే సిగ్గుపడి ఏడాదిపాటు ఎవరికీ చెప్పలేదు. పాత చీరలు చింపి వాడుకుని, తనే ఉతుక్కుని, దొడ్లో గోడ వెనక ఆరేసుకుంది. మాకు తెలిసేసరికి ఎముకల దాకా పాకిపోయింది. "ఇక మేం చెయ్యగలిగింది ఏం లేదు, ఇంటికి తీసికెళ్ళండి" అన్నారు డాక్టరు. అప్పటికి నాలుగు నెలలుగా పామర్రు దగ్గర మా ఊళ్ళో, తమ్ముడింట్లో, వెనక గదిలో ఉంది అమ్మ.

"ఇంటికి తీసికెళ్ళండి" అన్న ఆ మాట గురించి నేను చాలా రోజులు ఆలోచించాను. ఇల్లంటే ఏమిటి? గోడలూ కప్పూ మనిషి ఒళ్ళు తుడవవు కదా! మా అమ్మ విషయంలో ఇల్లంటే మా మరదలు. డాక్టరుగారు ఆ మాట అన్నప్పుడు ఆమె ఆ గదిలో లేదు. బయట బెంచీ మీద సంచీలు పట్టుకుని కూర్చుంది.

అన్నయ్య ప్రశ్నలు ఎక్కడినుంచి వచ్చాయో నాకు తర్వాత అర్థమైంది. అమెరికాలో ఆరు నెలలకి మించి బతకరని డాక్టర్లు ధృవీకరించిన వృద్ధుల హాస్పిస్ ఖర్చుని 1983 నుంచీ మెడికేర్ భరిస్తోంది. ఏ హాస్పిస్ ఎలా ఉందో పోల్చి చూసుకోడానికి ప్రభుత్వమే వివరాలు ప్రచురిస్తుంది. మనిషి పోయిన కొన్ని నెలలకి, దగ్గరుండి చూసుకున్న వాళ్ళకి ప్రశ్నావళి పంపుతారు. నొప్పి తగ్గించారా, పిలిచినప్పుడు వచ్చారా, గౌరవంగా చూశారా అని అడుగుతారు. ఆ జవాబుల మీద 2022 నుంచి నక్షత్రాలు కూడా ఇస్తున్నారు. చివరి మూడు రోజుల్లో కనీసం రెండు రోజులు నర్సు గానీ సోషల్ వర్కర్ గానీ వచ్చి చూశారా అన్నది మరో కొలత.

మొదట నాకు ఒళ్ళు మండింది. అమ్మేమైనా ఫ్రిజ్జా, వాషింగ్ మెషీనా, మార్కులు చూసి కొనడానికి? ముప్ఫయ్యేళ్ళు డిగ్రీ కాలేజీలో పిల్లలకి మార్కులు వేసిన దాన్ని. మార్కులు దేన్ని కొలుస్తాయో, దేన్ని వదిలేస్తాయో నాకు తెలుసు. అయినా ఆ కాగితం పట్టుకుని బయల్దేరాను.

మొదటిది సూర్యారావుపేటలో ఒక పెద్ద ఆస్పత్రి. "ప్రత్యేకంగా హాస్పిస్ అంటూ లేదు మేడమ్, కావాలంటే ఐసీయూలో పెట్టొచ్చు" అన్నారు కౌంటర్ దగ్గర. చనిపోయే మనిషికి ఐసీయూ ఎందుకని అడిగితే, "ఇన్సూరెన్సుందా?" అని అడిగారు. రెండోది ఊరి చివర దాతల డబ్బుతో నడిచే ఆశ్రమం. శుభ్రంగా ఉంది. మనుషులు దయగలవాళ్ళు. మార్ఫిన్ ఉందా అంటే మాత్రం తల అడ్డంగా ఊపారు. "నొప్పి బాగా ఎక్కువైతే ఏం చేస్తారు?" అన్నాను. "పక్కన కూచుని ప్రార్థన చేస్తామమ్మా." మూడోది హైదరాబాదులోని స్పర్శ్ హాస్పిస్. బంజారాహిల్స్ రోటరీ క్లబ్బు 2011లో మొదలుపెట్టింది. రోగుల దగ్గర డబ్బు తీసుకోరు. కానీ విజయవాడ నుంచే దాదాపు 270 కిలోమీటర్లు. అమ్మ ఒకటే మాట అంది, "కాలవ కనపడని చోటికి నన్ను తీసికెళ్ళొద్దే."

ఆ రాత్రి వరండాలో కూర్చుని పట్టిక నింపుతుంటే మరదలు వచ్చి పక్కన కూచుంది. చేతులు డెట్టాల్ వాసనేస్తున్నాయి. కాసేపు చూసి, "వదినా, ఇంటికీ ఒక గడి పెట్టండి. నాకెన్ని మార్కులొస్తాయో చూద్దాం" అని నవ్వింది.

నేను నవ్వలేకపోయాను. కానీ పెట్టాను. శిక్షణ పొందిన నర్సు: సున్నా. నొప్పి తగ్గించే ఏర్పాటు: సున్నా. శుభ్రత: అయిదు. రాత్రిపూట పిలిస్తే పలికే మనిషి: అయిదుకి అయిదు. "పడకపుండ్లు పడకుండా జాగ్రత్త" అన్న గడి దగ్గర ఆగిపోయాను. అమ్మ నడుం కింద అరచెయ్యంత పుండు. మరదలు తల దించుకుంది. "అది నా పాపం వదినా. నాకు చేతనవలేదు" అంది.

నేను అంతవరకూ తప్పుగా ఆలోచిస్తున్నానని అక్కడే తెలిసింది. కొలవడం అమ్మకి అవమానం అనుకున్నాను. కానీ కొలవకుండా ఉన్నందువల్ల ఈ నాలుగు నెలలూ జరిగిందేమిటి? ఊరంతా "కోడలు కాదు, కూతురు" అని మెచ్చుకుంది. మెచ్చుకున్న వాళ్ళెవరూ రెండు గంటలకోసారి మనిషిని ఎలా పక్కకి తిప్పాలో ఆమెకి నేర్పలేదు. ఒక్క రాత్రి తను కూర్చుంటానని అన్నవాళ్ళు లేరు. సేవ అని పేరు పెట్టాక ఇక అందులో నాణ్యత గురించి అడగడం తప్పు, ఖర్చు గురించి అడగడం పాపం, అలసట గురించి చెప్పుకోవడం అపచారం. చేసిన మంచి అంతా కుటుంబం పరువులో కలుస్తుంది. జరిగిన లోపం మాత్రం ఆ ఒక్క ఆడమనిషి మనసులో పాపంలా మిగిలిపోతుంది!

ముంబై కెఇఎం ఆస్పత్రిలో అరుణా శాన్‌బాగ్‌ని తోటి నర్సులు 1973 నుంచి 2015 దాకా, దాదాపు 42 ఏళ్ళు చూసుకున్నారు. 2011 తీర్పులో సుప్రీంకోర్టు ఆ నర్సుల్ని ప్రత్యేకంగా మెచ్చుకుంది. మనమూ మెచ్చుకుంటాం, ప్రేమ అంటాం. ప్రేమ ఉంది, కాదనను. కానీ ఆ ప్రేమకి వెనక ఒక డ్యూటీ చార్టు ఉంది. నేర్చిన చేతులున్నాయి, జీతాలున్నాయి, ఒకరు అలిసిపోతే వచ్చే మరొకరున్నారు. మా మరదలికి వీటిలో ఏ ఒక్కటీ లేదు. ఆమె ప్రేమలో లోటేమీ లేదు. పుండు పడింది చార్టు లేనందుకు.

మార్ఫిన్ సంగతీ అంతే. కాన్సర్ నొప్పికి మెట్లమెట్లుగా మందులివ్వాలనీ, పై మెట్టు మార్ఫిన్ అనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే చెప్పింది. అంతకు ముందటేడే, 1985లో, మన దేశంలో మాదకద్రవ్యాల చట్టం వచ్చింది. దొంగ రవాణా మీద ఎక్కుపెట్టిన ఆ చట్టానికి భయపడి ఆస్పత్రులు మార్ఫిన్ నిల్వ పెట్టడమే మానుకున్నాయి. ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రకం లైసెన్సులు, అవీ ఒకటికి నాలుగు. 2014 సవరణతో ఆ చిక్కు చాలావరకు తీరింది. గుర్తింపు పొందిన వైద్యసంస్థకి ఒకే అనుమతి చాలు. కానీ ఆ గుర్తింపు తెచ్చుకోవాలని ఆస్పత్రికి అనిపించాలి కదా. అందుకే ఎవరైనా నన్నడిగితే పద్నాలుగు ప్రశ్నలొద్దు, ముందు ఒక్కటే అడగమంటాను: మీ దగ్గర నోటి ద్వారా వేసే మార్ఫిన్ ఉందా? లేదంటే మిగతా మార్కులన్నీ గోడల రంగుకీ, మంచాల మెరుపుకీ వేసినట్టే.

చివరికి తమ్ముడు రిపోర్టులు పట్టుకుని హైదరాబాదు వెళ్ళి రెండు వారాల మాత్రలు రాయించుకుని తెచ్చాడు. ఆ రాత్రి అమ్మ అయిదు గంటలు నిద్రపోయింది. మరదలు కూడా! లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ మొదలుపెట్టిన సిసిలీ సాండర్స్ నర్సుగా, ఆస్పత్రి సోషల్ వర్కర్‌గా పనిచేసి, ఆ తర్వాత డాక్టరయింది. ఒంటి నొప్పి, మనోవేదన, ఇంటి చిక్కులు, బతుక్కి అర్థమేమిటన్న బాధ, అన్నీ కలిసి ఒకే నొప్పి అని చెప్పింది. ఆ రాత్రి నాకు ఇంకోటి కూడా తోచింది. ఆ నొప్పి ఒకే ఒంట్లో ఉండదు. అది పక్కగదిలో నిద్రలేని ఇంకో ఒంట్లో కూడా ఉంటుంది. హాస్పిస్ నాణ్యతని కొలిచేటప్పుడు రెండు ఒళ్ళనీ కొలవాలి.

2024 కాలవినియోగ సర్వే లెక్క చూడండి. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు చేస్తుంటే, చేసే మగవాళ్ళు 88 నిమిషాలు చేస్తున్నారు. ఇంట్లో వాళ్ళ సంరక్షణకి ఆడవాళ్ళవి 137 నిమిషాలు, మగవాళ్ళవి 75. 15 నుంచి 59 ఏళ్ళ వయసులో సంరక్షణ పని చేస్తున్నవాళ్ళు ఆడవాళ్ళలో 41 శాతం, మగవాళ్ళలో 21.4 శాతం. అమెరికన్ తత్వవేత్త ఈవా ఫెడర్ కిట్టే, పూర్తిగా ఆధారపడిన తన కూతుర్ని పెంచిన అనుభవంలోంచి 1999లో ఒక పుస్తకం రాసింది. ఒకరి భారం మోసే మనిషి తనూ ఇంకొకరి మీద ఆధారపడాల్సి వస్తుందనీ, ఆమెని చూసుకునే బాధ్యత సమాజానిదనీ అందులో ఆమె వాదన. న్యాయం గురించిన సిద్ధాంతాలన్నీ ఎవరి మీదా ఆధారపడని మనిషిని ఊహించుకుని మొదలవుతాయి. అలాంటి మనిషిని మా ఊళ్ళో నేనింతవరకూ చూళ్ళేదు.

ఇంతవరకూ రాసి ఆపేస్తే నేను న్యాయంగా మాట్లాడినట్టే ఉంటుంది. కానీ ఇంకోటుంది.

చివరి ఆరు వారాలు అన్నయ్య డబ్బుతో విజయవాడ నుంచి ఒక ఆయాని పెట్టుకున్నాం. అవనిగడ్డ వైపు లంక గ్రామం. దళిత క్రైస్తవ కుటుంబం. ఎన్నో ఏళ్ళుగా ఆస్పత్రుల్లో, ఇళ్ళల్లో ఇదే పని. దుప్పటి మడత పెట్టి మనిషిని ఎలా తిప్పాలో మరదలికి నేర్పింది ఆమే. పుండు మానుముఖం పట్టింది. ఒకప్పుడు వాళ్ళ వాళ్ళని గడప దాటనివ్వని మా అమ్మ, చివర్లో ఆమె చెయ్యి పట్టుకునే నిద్రపోయేది. అది చూసి నేను పొంగిపోయాను కూడా. చావు దగ్గర కులం కరిగిపోయింది అనుకున్నాను.

అమ్మ పోయిన పదకొండో రోజున లెక్క తేల్చి డబ్బిస్తూ, "ఇక కొన్నాళ్ళు ఇంటి దగ్గరుండమ్మా" అన్నాను. "ఉండాలండీ. మా అమ్మకి పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలైంది" అంది. "మరి ఇన్నాళ్ళూ ఎవరు చూశారు?" "మా పాపండీ. తొమ్మిదో తరగతి. బడి మానిపించాను."

ఆరు వారాలు మా ఇంట్లో పనిచేసింది. నేను ఆమెని ఆ ఒక్క ప్రశ్నా అడగలేదు. అన్నయ్య పట్టికలో ఆమెకి అన్ని గడుల్లోనూ అయిదుకి అయిదు వేసేదాన్ని. కులం కరిగిందని ఎలా అనుకున్నాను? ఎవరి మలమూత్రాలు ఎవరెత్తాలన్న పాత ఏర్పాటే జీతం రూపంలో సాగుతోంది కదా. మా మరదలి భుజం మీంచి దిగిన బరువు ఎక్కడికీ పోలేదు. న్యూజెర్సీ నుంచి మా ఊరికి, మా ఊరి నుంచి లంకకి, ఒక ఆడమనిషి నుంచి ఇంకో ఆడమనిషికి జరుగుతూ చివరికి పద్నాలుగేళ్ళ పిల్ల భుజం మీద ఆగింది. కాబట్టి మంచి సంరక్షణని కొనగలగడం నైతిక ప్రశ్నకి జవాబు కాదు. ఆ ప్రశ్నని మన కంటికి కనబడనంత దూరం నెట్టడం మాత్రమే.

మరేం చెయ్యాలి? ఆయాని పెట్టుకోకుండా ఉండాల్సిందా? ఆమె జీతం పోయేది, మరదలు నేలకూలేది. అది జవాబు కాదు. కేరళ 2008లో ఉపశమన సంరక్షణకి ప్రభుత్వ విధానం తెచ్చి, పంచాయతీల ద్వారా నర్సుల్ని ఇళ్ళకే పంపే ఏర్పాటు చేసుకుంది. అలాంటిది మన దగ్గర ఉంటే ఒకే నర్సు మా అమ్మ మంచం దగ్గరికీ, లంకలో ఆ తల్లి మంచం దగ్గరికీ వెళ్ళేది. అక్కడ కూడా ఈ పని ఎక్కువగా ఆడవాళ్ళ మీదే నడుస్తోందని తెలుసు. దాన్నీ ప్రశ్నించాలి. అయినా అది హక్కుగా అడగదగిన విషయమని ఒప్పుకోవడం దగ్గర మొదలుపెట్టొచ్చు. వృద్ధాప్య పింఛన్లు అడిగాం, గ్యాస్ సిలిండర్లు అడిగాం. నొప్పి లేకుండా చనిపోవడాన్ని ఎన్నికల్లో ఎవరైనా అడిగారా?

ఈ మధ్య నా సొంత వీలునామా రాసుకున్నాను. ఆస్తిది కాదు. చికిత్స విషయంలో ముందస్తు నిర్దేశం. 2018లో సుప్రీంకోర్టు దాన్ని గుర్తించింది. 2023 జనవరిలో పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ఉంటే చాలు. వెంటిలేటరు వద్దని రాశాను. సాక్షి సంతకం పెట్టడానికి మరదలొచ్చింది. మొత్తం చదివి, "ఏమేం వద్దో అన్నీ రాశారు వదినా. మిమ్మల్ని ఎవరు చూడాలో మాత్రం ఎక్కడా లేదు" అంది.

నిజమే. ఆ కాగితంలోనూ ఆ గడి లేదు. నాకు ఒక్కతే కూతురు. బెంగుళూరులో ఉద్యోగం. ఆమె పేరు రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఆమె పేరు తప్ప ఇంకేం రాయాలో తెలియడం లేదు.

లంకలో ఆ పాపని మళ్ళీ బడికి పంపారో లేదో కనుక్కుందామని రెండుసార్లు ఫోన్ చేశాను. మూడోసారి చేస్తే వాళ్ళమ్మే తీసింది. గుడివాడలో ఎవరింట్లోనో డ్యూటీలో ఉందట.