నొగలెక్కిన కోపం

కురుక్షేత్రంలో 17వ రోజున కర్ణుడికి తొలి దెబ్బ తగిలింది అర్జునుడి బాణంతో కాదు, తన రథం నొగల మీద కూర్చున్న శల్యుడి మాటతో. ఒకే రథం, ఒకే పక్షం, ఒకే ప్రభువు. అయినా రథం కదిలింది మొదలు శల్యుడు అర్జునుణ్ని పొగుడుతూ, కర్ణుణ్ని కించపరుస్తూనే ఉన్నాడు. హంసతో పందెం వేసి సముద్రంలో పడ్డ కాకి కథ కూడా చెప్పాడు.

పనికాడ తోటివారిని సూటిపోటి మాటలతో పొడిచేవాళ్లను, చాడీలు చెప్పేవాళ్లను, తమ తప్పు పక్కవాడి మీదికి నెట్టేవాళ్లను చూస్తే, గుణమే మంచిది కాదని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. భారతం అంత తొందరపడదు. శల్యుడి నోటికి ఆ విషం ఎక్కడి నుంచి వచ్చిందో ఉద్యోగపర్వం నుంచే చూపిస్తూ వస్తుంది.

మాద్రికి అన్న అయిన శల్యుడు పాండవుల పక్షాన నిలవడానికే బయల్దేరాడు. తొవ్వలో విడిదులు కట్టించి మర్యాదలు చేయించింది దుర్యోధనుడని తెలియక మెచ్చుకున్నాడు, వరమిచ్చాడు, ఇష్టం లేని కొలువులో చిక్కుకున్నాడు. ఆ తర్వాత ధర్మరాజును కలిస్తే, కర్ణుడికి సారథివైన రోజున అతని ధైర్యాన్ని దెబ్బతీయమని ఆయన మాట తీసుకున్నాడు. చేయకూడని పనే, అయినా చేయి మామా అని అడిగాడు. ధర్మరాజంతటివాడే ఇలా అడగడం నాకు ఎప్పుడు చదివినా మనసులో ముల్లులా గుచ్చుకుంటుంది. గెలుపు అవసరమైనప్పుడు మంచివాళ్లు కూడా ఇంకొకరి నోటిని ఆయుధంగా వాడుకుంటారని వ్యాసుడు దాచకుండా చెప్పాడు.

ఇక మద్రదేశపు రాజును సూతపుత్రుడికి సారథిగా కూర్చోమన్నారు. శల్యుడు మండిపడి లేచి వెళ్లబోయాడు. త్రిపురసంహారంలో బ్రహ్మ అంతటివాడు శివుడికి సారథ్యం చేశాడని దుర్యోధనుడు బుజ్జగించాడు. చివరికి శల్యుడు ఒక షరతు పెట్టాడు: కర్ణుణ్ని నా ఇష్టమొచ్చినట్టు అంటాను, పడాలి. సరేనన్నారు. అసలు తప్పు అక్కడే జరిగిందని నేను అనుకుంటాను. పెద్ద మనిషి గనుక, పనిమంతుడు గనుక నోటికి అడ్డు లేదని యజమాని ఒప్పుకున్న చోట, ఆ నోటి కింద పనిచేసేవాళ్లకు ఇక దిక్కెవరు?

కర్ణుడూ ఊరుకోలేదు. మద్రదేశపు జనాన్నంతా కలిపి తిట్టిపోశాడు. పుట్టుక పేరుతో జీవితమంతా అవమానపడ్డ మనిషి, అదే తీరులో శల్యుడి పుట్టిన నేలను అవమానించాడు. అంతకుముందు నిండుసభలో ద్రౌపదిని అనరాని మాటలన్నదీ అతనే. అయినా కవులు అతన్ని చిన్నచూపు చూడలేదు. మన కథలాపూర్‌కు దగ్గర్లోనే ఉన్న వేములవాడలో, రెండో అరికేసరి కొలువులో 10వ శతాబ్దంలో పంపకవి కన్నడంలో భారతం రాశాడు. తన రాజును అర్జునుడితో పోల్చి రాసిన ఆ కావ్యంలో కూడా కర్ణుడికి గొప్ప గౌరవం ఇచ్చాడు. కర్ణుడి మీద జాలిపడని తరం లేదు. ఆ జాలితోనే ఒకటి గమనించాలి: మాటపడ్డ గాయం మానకపోతే మాటై బయటికి వస్తుంది, చాలాసార్లు ఆ గాయానికి సంబంధమే లేని మనిషి మీదికి.

అత్త మీది కోపం దుత్త మీద అని మనవాళ్లు ఊరికే అనలేదు. కథలాపూర్, కోరుట్ల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లకు ఇది రోజూ తెలిసే సంగతి. ఆకు నాసిగా వస్తుంది. అది వాళ్ల తప్పు కాదు. సాయంత్రం కార్ఖానాలో కొన్ని బీడీలు బాగాలేవని పక్కకు పడతాయి. లెక్క తగ్గితే టేకేదారుకు కంపెనీ మాట, చుట్టినామెకు టేకేదారు మాట, ఆమె నోటి నుంచి పక్కన కూర్చున్నామెకు మరో మాట. ఆకు, తంబాకు ఇచ్చే కాడ, బీడీలు పక్కకు పెట్టే కాడ, వాటి కూలి కాడ వచ్చే తగాదాలను ఎట్లా తీర్చాలో 1966 నాటి బీడీ కార్మికుల చట్టం ప్రత్యేకంగా చెప్పిందంటే, అవి ఎంత మామూలో ఊహించండి. సిరిసిల్లలో ఆర్డర్లు ఆగిపోయి సాంచాలు (మరమగ్గాలు) నిలిచిన రోజుల్లో ఆసామికీ కార్మికుడికీ మధ్య నడిచే మాటలూ ఇట్లాంటివే. పనిచోట తోటివారిని నొప్పించే ప్రవర్తనను రాబిన్సన్, బెన్నెట్ అనే పరిశోధకులు 1995లో ఒక ప్రత్యేక వర్గంగా గుర్తించారు. చిన్న అమర్యాద బదులుకు బదులుగా ఎట్లా పెరిగిపోతుందో 1999లో ఆండర్సన్, పియర్సన్ వివరించారు. శల్యకర్ణుల రథం మీద జరిగింది అదే.

అదే యుద్ధంలో ఇంకో సారథి ఉన్నాడు. కృష్ణుడిదీ నొగల మీది చోటే, పగ్గాలు పట్టే పనే. ఆయనా అర్జునుణ్ని మెత్తగా ఏమీ అనలేదు, పిరికితనం నీకు తగదని గద్దించాడు. కానీ ఆ పని తనకు చిన్నతనమని ఆయన అనుకోలేదు. అందుకే ఆయన మాటలో కసి లేదు. గీత 17వ అధ్యాయంలో మాటకు సంబంధించిన తపస్సు గురించి చెబుతూ, మాట ఎట్లా ఉండాలో ఆయనే చెప్పాడు: ఎదుటివారిని కలతపెట్టనిది, సత్యమైనది, ప్రియమైనది, మేలు చేసేది. శల్యుడు అన్నవాటిలో సత్యం లేకపోలేదు, అర్జునుడు గొప్ప విలుకాడే. ఉన్నమాటే అన్నాను అనే సమర్థన పనిచోట మనం రోజూ వింటాం. గీత లెక్కలో అది నాలుగో వంతు మాత్రమే.

ఇద్దరూ కలబడే దాకా వచ్చాక దుర్యోధనుడు చేతులు జోడించి ఆపాడు. అదే మనిషి శల్యుడి షరతుకు ఒప్పుకోకుండా ఉండగలిగేవాడు. సారథ్యానికి కర్ణుడు శల్యుణ్ని కోరినప్పుడే, ఆ రాజును పక్కకు పిలిచి, ఈ పని నీకు ఎంత బరువని అడగగలిగేవాడు. కార్ఖానాలో బీడీల కట్టను పక్కకు పెట్టే చేతికీ, ఆఫీసులో ఫైలును తిప్పిపంపే చేతికీ ఆ అవకాశం ప్రతి సాయంత్రం ఉంది: ఎందుకు పనికిరాలేదో నలుగురిలో కాకుండా ఆ మనిషికి మాత్రమే చెప్పడం, తప్పు ఆకుదైతే ఆకుదేనని ఒప్పుకోవడం.