కారు బేరంలో నాలుగో శీలం



ఇప్పుడు మనవాళ్ళ ఇళ్ళ ముందు కూడా కార్లు ఆగుతున్నాయి. ఉద్యోగస్తులు కొంటున్నారు, క్యాబ్ నడుపుకుందామని కుర్రాళ్ళు కొంటున్నారు. సంతోషమే. అయితే ఆ కారు కొనేటప్పుడు షోరూములో మనం ఆడే మాటల గురించి మన విహారాల్లో ఎప్పుడైనా చర్చ జరిగిందా? జరగలేదు. అబద్ధం ఆడనని నాలుగో శీలం తీసుకుంటాం. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లోనూ ఆ మాట ఉంది. అదే వారం షోరూముకెళ్ళి, "పక్క షోరూమువాళ్ళు ముప్ఫై వేలు తగ్గిస్తామన్నారు" అని లేని మాట ఒకటి వదులుతాం. వాళ్ళు అననే లేదు, మనం వాళ్ళ దగ్గరికి పోనే లేదు.

ఇది తప్పేనా? "వ్యాపారంలో అబద్ధం అబద్ధం కాదు, వాడాడుతున్నాడు మనమాడుతున్నాం" అంటారు కొందరు. ఇంకొందరు దీనికి పూర్తిగా ఎదురు: "బౌద్ధులం, ఆశ తగ్గించుకోవాల్సినవాళ్ళం, పది వేల కోసం బేరమాడటమేంటి, చెప్పింది కట్టేసి రావాలి" అంటారు. ఈ రెండు మాటలూ సరైనవి కావని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను, మీరే ఆలోచించండి.

మొదట బేరం సంగతి. బేరం ఎవరి మధ్య జరుగుతుంది? ఇష్టం లేకపోతే లేచి వెళ్ళిపోగలిగిన ఇద్దరి మధ్య జరుగుతుంది. మన తాతలకు ఆ అవకాశం లేదు. వెట్టికి బేరం లేదు. కళ్ళంలో దొర కొలిచి పోసిందే కూలి, ఆ కుంచం సరైనదా కాదా అని అడిగే నోరు లేదు. అంగట్లో సరుకు ముట్టుకుని చూసే వీలు లేదు, డబ్బులు దూరంగా పెడితే సరుకు దూరం నుంచే పడేది. ముట్టుకోకుండా, అడగకుండా, చెప్పిన ధరకు కొనడం మన మీద రుద్దిన ఆచారం. దాన్ని ఇప్పుడు వైరాగ్యమని పేరు మార్చి మనమే నెత్తికెత్తుకోవాలా?

బాబాసాహెబ్ జీవితంలో ప్రయాణం ధర గురించే ఒక ఘట్టం ఉంది. 1901లో, తొమ్మిదేళ్ళ పిల్లాడిగా, అన్నతోనూ అక్క పిల్లలతోనూ కలిసి మసూర్ రైల్వే స్టేషన్‌లో దిగాడు. తండ్రి ఉద్యోగం చేసే ఊరికి ఎడ్లబండి మీద పోవాలి. మహర్ పిల్లలని తెలియగానే ఏ బండివాడూ ముందుకు రాలేదు. చివరికి కుదిరిన ఒప్పందం ఏమిటి? మామూలు కిరాయికి రెట్టింపు ఇవ్వాలి, బండి పిల్లలే తోలుకోవాలి, బండివాడు పక్కన నడిచి వస్తాడు. "వెయిటింగ్ ఫర్ ఎ వీసా"లో ఆయనే ఈ సంగతి రాశాడు. అది పేరుకే ఒప్పందం. కులం నిర్ణయించిన ధర అది. కాబట్టి ఈ రోజు ఒక అమ్మాయి షోరూములో కుర్చీలో కూర్చుని, ధరల కాగితం ముందు పెట్టుకుని, "ఈ పద్దు దేనికండీ?" అని అడిగితే దాన్ని పిసినారితనం అనకండి. ఆ ప్రశ్న వెనుక చాలా పెద్ద ప్రయాణం ఉంది.

అడగాలంటే తెలియాలి. ధమ్మంలో శీలంతో పాటు ప్రజ్ఞ ఎందుకుందో ఇక్కడ అర్థమవుతుంది. ఆన్‌రోడ్ ధర అని ఒకే అంకె చెప్తారు, దాన్ని విడదీయించండి. ఎక్స్‌షోరూమ్ ధరలో జీఎస్టీ కలిసే ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద ఆ పన్ను 18 శాతమే, పెద్దవాటి మీద 40 శాతం. లైఫ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు ప్రభుత్వానివి, వాటిలో బేరం లేదు. కారు ధర పది లక్షలు దాటితే ఒక శాతం టీసీఎస్ వసూలు చేస్తారు, అది రిటర్ను వేసినప్పుడు మన పన్ను లెక్కలో జమ అవుతుంది. ఇన్సూరెన్సు అవసరమే. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్ళ థర్డ్ పార్టీ ఒకేసారి తీసుకోవాలి. కానీ ఆ షోరూములోనే తీసుకోవాలన్న నిబంధన లేదు. బయట అడిగి పోల్చుకోవచ్చు. ఇక హ్యాండ్లింగ్ చార్జీలు అనే పద్దు ఒకటి కనిపిస్తుంది. అలాంటి పన్ను గానీ ఫీజు గానీ మోటారు వాహన చట్టంలో లేదు, తీసేయమనండి. సీట్ కవర్లు, కోటింగులు, అదనపు వారంటీ మన ఇష్టం. కారు ఎప్పుడు తయారైందో కూడా అడగండి. అమ్మకపు ధ్రువపత్రమైన ఫారం 21లో తయారీ నెల, సంవత్సరం రాయాల్సిందే. పోయిన ఏడాది డిసెంబరులో తయారైన కారును ఈ ఏడాది మార్చిలో కొంటే, రేపు అమ్మేటప్పుడు అది ఏడాది పాతదే. ఆ తేడా ఇప్పుడే ధరలో తగ్గించమనడం న్యాయం.

ఇదంతా తెలిసి అడిగేవాడికి అబద్ధంతో పనేముంది? తెలియనితనం వల్ల కలిగే భయాన్ని కప్పుకోవడానికే సగం అబద్ధాలు పుడతాయి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. బేరంలో ఏది అబద్ధం, ఏది కాదు? "మీ బడ్జెట్ ఎంత సార్?" అని సేల్స్ కుర్రాడు అడుగుతాడు. మన మనసులో తొమ్మిది లక్షలుంది. ఆ అంకె అతనికి చెప్పాల్సిన బాధ్యత మనకు లేదు. "అది నేను చెప్పను తమ్ముడూ, ముందు మీ ధర చెప్పు" అంటే సత్యం చెడలేదు. మౌనం అబద్ధం కాదు. మనసులో తొమ్మిది పెట్టుకుని, "ఎనిమిది దాటి నా దగ్గర ఒక్క రూపాయి లేదు" అంటే మాత్రం అబద్ధమే. "ఎనిమిదికి ఇస్తే ఇప్పుడే బుక్ చేస్తాను" అంటే అది నిజమైన ప్రతిపాదన. రెండు మాటల్లోనూ అంకె ఒకటే. ఒకటి మన నిర్ణయాన్ని చెప్తోంది, రెండోది లేని వాస్తవాన్ని ఉన్నట్టు చూపిస్తోంది. అవతలివాడు ఏదో ఒకటి నిర్ణయించుకోవడానికి ఆధారపడే వాస్తవాన్ని మనం చెడగొడితే, అక్కడ నాలుగో శీలం తెగింది.

"వాడు ఆడడా అబద్ధం?" అని మీరడగొచ్చు. ఆడతాడు. "ఈ ఆఫర్ ఈ రోజుతో అయిపోతుంది", "ఈ రంగు ఒక్కటే మిగిలింది" అంటాడు. మరి ఒక్కరమే సత్యం పట్టుకుని కూర్చుంటే నష్టపోమా? నా దృష్టిలో ఇదే బరువైన ప్రశ్న. ఎందుకంటే మనం ఇప్పటికే చాలా పోగొట్టుకున్న జనం. సత్యం పేరుతో ఇంకా పోగొట్టుకోమని మనకు చెప్పే హక్కు ఎవరికీ లేదు.

కానీ లెక్క వేసి చూడండి. పక్క షోరూము గురించి కల్పించి చెప్తే, "కొటేషన్ చూపించండి సార్" అంటాడు. అక్కడితో నోరు పడిపోతుంది. నిజంగానే రెండు మూడు షోరూములు తిరిగి, రాతపూర్వకంగా కొటేషన్లు తెచ్చుకుని బల్ల మీద పెడితే? అదే మాట, ఈసారి బలంతో వస్తుంది. నెలాఖరున టార్గెట్ల ఒత్తిడి ఉంటుందని తెలిసి అప్పుడు వెళ్ళడం మోసం కాదు. "రేపు ఆలోచించి చెప్తాను" అని నిజంగానే లేచి రావడం మోసం కాదు. కొనేవాడి అసలు బలం లేచి రాగలగడంలో ఉంది. ఆ ఓపిక లేనివాడు దాని స్థానంలో అబద్ధాన్ని పెడతాడు. అయినా కొన్నిసార్లు సత్యం వల్ల అయిదారు వేలు పోవచ్చు. పోతాయి. శీలానికి ఎప్పుడూ ఖర్చే ఉండదని చెప్తే, అది నేను మీకు చెప్పే అబద్ధం అవుతుంది. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చేయమన్న సామెతను వదిలేసి వచ్చినవాళ్ళం. ఒక కారు కోసం దాన్ని వెనక్కి తెచ్చుకోవద్దు.

బల్లకు అవతల ఉన్న మనిషిని కూడా చూడాలి. అతను యజమాని కాదు. కారు ధర కంపెనీ నిర్ణయిస్తుంది, అతని చేతిలో ఉన్న తగ్గింపు కొంతే, దాని పైన మేనేజరు సంతకం కావాలి. చాలా చోట్ల అతని జీతం తక్కువ, ఇన్సెంటివ్ మీదే ఇల్లు గడవాలి. ఆ టై కట్టుకున్న కుర్రాడు మన వాడ నుంచి డిగ్రీ చేసి వచ్చినవాడే కావచ్చు. గట్టిగా అడగండి, గౌరవంగా అడగండి. మంచి మాటకు బుద్ధుడు అయిదు గుర్తులు చెప్పాడు: సమయం చూసి చెప్పేది, నిజమైనది, మృదువైనది, మేలు చేసేది, మైత్రితో పలికేది. ఈ అయిదూ ఉంటూనే "ఈ హ్యాండ్లింగ్ చార్జీ నేను కట్టను" అనొచ్చు. డెలివరీ తర్వాత కంపెనీ నుంచి ఫోన్ వస్తుంది, ఎన్ని మార్కులు వేస్తారని అడుగుతుంది. "ఇంకో పది వేలు తగ్గించకపోతే నీకు సున్నా వేస్తా" అని ఆ కుర్రాణ్ణి బెదిరించేవాళ్ళున్నారు. అది బేరం కాదు. తన కింద ఉన్నవాడు ఎదురు చెప్పలేడని తెలిసి చేసే పని. దాని రుచి మనకు తెలుసు కదా!

పాత కారు ఇచ్చి కొత్తది తీసుకునేటప్పుడు కథ తిరగబడుతుంది. అక్కడ మనమే అమ్మేవాళ్ళం. కారు వరదలో మునిగిందా, గుద్దుకుందా, కిలోమీటర్లు వెనక్కి తిప్పించామా అన్నది మనకే తెలుసు. బౌద్ధ జాతకాల్లో సేరివాణిజ జాతకం ఇలాంటి సందర్భానిదే. అది జరిగింది అంధపురంలో అంటారు. ఆ పేరుకు మన ఆంధ్ర ప్రాంతంతో సంబంధం ఉందని భావించిన పండితులున్నారు. గత జన్మల సంగతి పక్కన పెట్టి కథగానే వినండి. చితికిపోయిన ఇంట్లో ఒక ముసలమ్మ, మనవరాలు. మసిపట్టిన పాత గిన్నె ఒకటుంది, అది బంగారమని వాళ్ళకు తెలియదు. మొదటి వ్యాపారి గీకి చూసి తెలుసుకున్నాడు, అయినా ఎందుకూ పనికిరాదని విసిరేసి పోయాడు, తర్వాత వచ్చి ఊరికే కొట్టేద్దామని. రెండోవాడు వచ్చి, "అమ్మా, ఇది లక్ష విలువ చేస్తుంది, అంత సొమ్ము నా దగ్గర లేదు" అన్నాడు. తన దగ్గరున్న డబ్బూ సరుకూ అంతా వాళ్ళకిచ్చి, ఎనిమిది నాణేలూ, తక్కెడా, సంచీ మాత్రం అడిగి ఉంచుకున్నాడు.

ఆ ఎనిమిది నాణేలు నాకు ముఖ్యం. అతను సన్యాసి కాలేదు. వ్యాపారం మానలేదు, తక్కెడ వదల్లేదు, లాభం కూడా పొందాడు. అవతలివాళ్ళ తెలియనితనాన్ని మాత్రం తన పెట్టుబడిగా చేసుకోలేదు. సమ్యక్ ఆజీవం అంటే ఇంతకంటే తేలికైన వివరణ నాకు దొరకలేదు. మన పాత కారు తీసుకునే ఏజెంటు గడుసువాడే కావచ్చు. కానీ దాన్ని చివరికి కొనేది ఎవరో ఒక డ్రైవరు, తన మొదటి కారుగా.

చివరగా, అన్నిటికంటే పెద్ద బేరం షోరూములో కాదు, మన లోపల జరుగుతుంది. ఊళ్ళో మనవాడు కారు దిగితే కొందరి కళ్ళు మండుతాయి, నిజమే. అందుకే ఇంకాస్త పెద్ద కారు కొనాలనిపిస్తుంది. ఆ కోరికను నేను వెక్కిరించను. కానీ కిస్తీ లెక్క చూడండి. ఆరు లక్షల అప్పు, తొమ్మిదిన్నర శాతం వడ్డీ. అయిదేళ్ళకైతే నెలకు దాదాపు 12,600. "ఏడేళ్ళు పెట్టుకోండి సార్, దాదాపు 9,800 వస్తుంది" అంటారు. తేలికైనట్టుంటుంది. మొత్తం కట్టేది మాత్రం 67 వేలకు పైగా పెరుగుతుంది. మూడు గంటలు వాదించి తగ్గించిన ఇరవై వేలు ఎక్కడ పోయాయి? గృహస్థుకు అప్పు లేకపోవడం ఒక సుఖమని బుద్ధుడు అనాథపిండికుడికి చెప్పాడు. ఆదాయం, ఖర్చు రెండూ తక్కెడ పట్టినవాడిలా చూసుకోవాలని దీఘజాణువుకు చెప్పాడు. మన గౌరవం కారు పొడవును బట్టి పెరగదు. బ్యాంకువాడి ఫోనుకు తడబడకుండా జవాబు చెప్పగలిగే ఇంటికి గౌరవం దానంతటదే వస్తుంది.

కాబట్టి కొనండి. ముందు ఇంట్లో భార్యాభర్తలిద్దరూ కూర్చుని పై హద్దు రాసుకోండి. కాగితం అడగండి, ప్రతి పద్దూ విడదీయించండి, తెలియనిది సిగ్గుపడకుండా అడగండి. అడ్వాన్సు కట్టే ముందు ఒప్పుకున్నదంతా రాయించుకోండి. చెప్పదలుచుకోనిది చెప్పకండి. చెప్పింది మాత్రం నిజమే చెప్పండి. రేపు మీ పిల్లలు పక్కన కూర్చుని ఆ బేరం వింటుంటే వాళ్ళకు రెండు విషయాలు తెలియాలి: మనల్ని ఎవరూ మోసం చేయలేరు, మనం ఎవరినీ మోసం చేయం.

నమో బుద్ధాయ. జై భీమ్!