ఆదరణ అనే మాట

డిసెంబరు 31 రాత్రి చాలా తెలుగు చర్చిల్లో ప్రార్థన అయ్యాక వాగ్దాన కార్డులు పంచుతారు. ఎవరి చేతికి ఏ వాక్యం వస్తే అది వాళ్ళకి ఆ ఏడాది వాగ్దానం. ఇంటికెళ్ళి బైబిల్లో దాచుకుంటారు, కొందరు గోడకి అంటిస్తారు. 2019 చివర్లోనూ తీసుకున్నాం. మూడు నెలలు గడిచేసరికి చర్చిలకు తాళాలు పడ్డాయి. తెగులు దరి చేరదని చెప్పే 91వ కీర్తనని ఆ రోజుల్లో ఎన్ని ఇళ్ళలో పైకి చదువుకున్నారో! చదివినవాళ్ళలోనూ పోయినవాళ్ళున్నారు. మరి వాళ్ళకిచ్చిన మాట ఏమైనట్టు?

వాళ్ళకి విశ్వాసం చాల్లేదని తేల్చేసేవాళ్ళున్నారు. అంతకన్నా క్రూరమైన జవాబు ఇంకోటి ఉండదు. అదంతా భ్రమ, వదిలేయండి అనేవాళ్ళూ ఉన్నారు. పైకి ఎదురెదురుగా కనబడే ఈ రెండు జవాబుల వెనకా ఒకే లెక్క ఉంది. విశ్వాసం ఒక బీమా, కట్టినవాడికి నష్టం రాకూడదు.

ఈ లెక్క కొత్తదేం కాదు. సువార్తల్లో అపవాది యేసుని దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, ఇక్కణ్ణుంచి దూకు, దేవదూతలు పట్టుకుంటారని రాసుంది కదా అంటాడు. వాడు చూపించే వాక్యం ఈ 91వ కీర్తనలోదే. యేసు దూకడు. కీర్తన అబద్ధమనీ అనడు. దేవుణ్ణి అలా పరీక్షకి పెట్టకూడదంటాడు. చివరికి సిలువ మీద ఆయన నోట వచ్చింది 22వ కీర్తన. దేవుడు నన్నెందుకు వదిలేశాడని అడిగే కీర్తన అది. క్రైస్తవ విశ్వాసం నడిమధ్యన ఈ కేక ఉంది. దాన్ని దాచిపెట్టి చెప్పే ధైర్యం ఇంట్లో మొదటి చావుకే చెదిరిపోతుంది.

అయితే ఓదార్పు ఎక్కడుంది? తెలుగు బైబిల్లో పరిశుద్ధాత్మకి ఆదరణకర్త అని పేరు. మన వాడుకలో ఆదరించడమంటే లోపలికి రమ్మని, కూర్చోబెట్టి, ఇంత అన్నం పెట్టడం. మనసుకి కలిగే నెమ్మది తర్వాతి సంగతి, ముందు అది ఒకరు ఇంకొకరికి చేసే పని. నాకు జవాబు ఈ మాటలోనే కనబడుతుంది.

1876-78 నాటి మహాకరువులో ఒంగోలు ప్రాంతంలో జరిగింది ఇదే. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకి కూలి పని చూపించాడు. తెలుగు బోధకులు ఆ మట్టిపని మధ్యనే వాళ్ళతో కూర్చుని వాక్యం చెప్పారు. కూటి కోసం చేరారన్న మాట రాకూడదని క్లౌ ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు.

ఆ మాట ఎలాగూ వచ్చింది, ఇప్పటికీ వస్తోంది. గంజి కోసం మారారని. నాకు అందులో సిగ్గుపడాల్సిందేమీ కనబడదు. ఆకలితో ఉన్నవాడికి గంజి పొయ్యని ఆదరణ ఏం ఆదరణ? అయితే గంజి ఒక్కటే కారణమైతే మిగతా కథ అర్థం కాదు. విశ్వాసులైన మాదిగలు చచ్చిన గొడ్డు మాంసం తినడం మానేశారు. ఊరి జాతరల్లో డప్పు కొట్టడం మానేశారు. ఆదివారం పనికి రామన్నారు. అందుకు ఊరి పెద్దల చేతుల్లో బాధలు పడ్డారు. ఉన్న కష్టాలకి విశ్వాసం కొత్త కష్టాలు తెచ్చిపెట్టింది. అయినా నిలబడ్డారు. ఊరు ముట్టుకోని మనిషి పక్కన కూర్చుని, దేవుడికి నువ్వు కావాలి అని చెప్పినవాళ్ళు వాళ్ళకి దొరికారు. ధైర్యం అక్కణ్ణుంచి వచ్చిందని నేననుకుంటాను.

ఆ కష్టం ఇంకా తీరలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. కాగితం మీద ఒక మతం, ఇంట్లో ఇంకో ప్రార్థన పెట్టుకుని బతికే కుటుంబాలు మన చుట్టూ ఉన్నాయి. అది పిరికితనం అనడం తేలిక. పిల్లల చదువూ ఉద్యోగమూ పణంగా పెట్టాల్సినవాళ్ళని ఆ మాట అనడానికి నాకు నోరు రాదు. ధైర్యం లేదని ఒకణ్ణి నిందించడం కూడా, విశ్వాసం చాల్లేదనడం లాంటిదే.

యోబు దగ్గరికొచ్చిన స్నేహితులు ఏడు రోజులు మాట్లాడకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారు. నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే అంతా చెడింది. రేపేం జరుగుతుందో తెలియని రోజుల్లో నా విశ్వాసం రేపటి గురించి నాకేమీ చెప్పదు. నువ్వు ఒంటరివి కావంటుంది. పక్కవాణ్ణి ఒంటరిగా వదలొద్దంటుంది. రెండో మాట విని ఎవరి గుమ్మమైనా తొక్కినప్పుడే, మొదటి మాట నిజమేనని నాకు నమ్మకం కుదురుతుంది.