మాయోల్ స్త్రీమూర్తులు – రూపారాధనలో వ్యక్తి స్థానం

స్త్రీ దేహాన్ని కీర్తించే కళ ఆ స్త్రీని గౌరవించినట్లేనా? నాయికావర్ణనలను బోధించే మనకు ఈ ప్రశ్న కొత్తది కాదు. ప్రబంధకవి ఉపమానాలు పేర్చుకుంటూ పోయేకొద్దీ నాయిక మరుగునపడి ఉపమానాలే మిగలడం మనం చూస్తున్నదే. ఫ్రెంచి శిల్పి అరిస్టీడ్ మాయోల్ (1861–1944) కృషిలో ఇదే సమస్య రాతిలోను, కంచులోను ఎదురవుతుంది.

మాయోల్ మొదట చిత్రకారుడు. నలభయ్యో ఏడు సమీపించాక శిల్పమే ఆయనకు ప్రధానమైంది. ఆ తరువాత తీర్చినవాటిలో అత్యధికం స్త్రీమూర్తులే. విప్లవకారుడు బ్లాంకీకి స్మారకం కోరితే, చేతులు వెనక్కి కట్టివేసిన నగ్న స్త్రీని మలిచి ఇచ్చాడు. తన శిల్పాలకు ‘మధ్యధరా’, ‘పర్వతం’, ‘నది’ వంటి పేర్లు పెట్టాడు. కూర్చున్న ఒక స్త్రీ సముద్రంగా మారినప్పుడు ఆమె ఘనత పెరిగిందా, ఆమె పేరు పోయిందా? రెండూ జరిగాయనే నా అభిప్రాయం.

1934లో దీనా వియెర్ని అనే పదిహేనేళ్ల బాలిక ఆయన వద్దకు వచ్చింది. ఆమె ఆయన శిల్పాలను పోలి ఉందని ఒక వాస్తుశిల్పి చెప్పడమే అందుకు కారణం. ఈ వివరం వద్ద కొంత ఆగాలి. ఆ ఆకృతి ముప్పై ఏళ్లుగా శిల్పి చేతిలో ఉంది. దానికి సరిపోయినందువల్ల వ్యక్తి ఎంపికైంది. అంటే ఆయన కీర్తించినది ముందుగా తన భావననే. ఆమె సమ్మతి ఉంది కదా అనవచ్చు. డెబ్బై దాటిన ప్రసిద్ధుని ఎదుట అంత చిన్న వయసులో ఇచ్చిన సమ్మతికి ఎంత బరువుంటుందో తేల్చడం సులభం కాదు.

అయితే ఆమె జీవితం ఆ ఆకృతిలో ఇమడలేదు. నాజీల బారినుంచి పారిపోతున్నవారిని ఆమె పిరెనీస్ కొండలు దాటించింది. ఆ దారులు చూపినవాడు మాయోలే. 1943లో నాజీ పోలీసులు ఆమెను నిర్బంధించినప్పుడు, హిట్లర్ మెచ్చిన శిల్పి ఆర్నో బ్రేకర్‌ను ఆశ్రయించి విడిపించాడు. (బ్రేకర్‌తో ఆయన స్నేహం వేరొక నైతిక ప్రశ్న, ఈ మేలు దాన్ని కడిగివేయదు.) ‘నది’ రూపొందినది ఆ కాలంలోనే. తల కిందికి వాలి, పీఠం అంచునుంచి జారిపోతున్న ఆ దేహంలో ‘మధ్యధరా’ నాటి ప్రశాంతి లేదు. ఎదుట ఉన్న మనిషి శిల్పి భావనను కదిలించిన జాడగా నేను దాన్ని చదువుతాను.

పారిస్‌లోని త్విలెరీ తోటలో నేడు కనిపించే మాయోల్ శిల్పాల్లో అనేకం ఆమె దానమిచ్చినవే. 1995లో అదే నగరంలో ఆమె మ్యూజియం తెరిచింది. సంస్థకు తన పేరు, మ్యూజియానికి ఆయన పేరు పెట్టింది.